చెన్నై కంటాసుపత్రికి నాన్నతో, నాన్న ఫోనుతో

నాన్నకి రెటీనా చూపించడానికి తెనాలిలో పినాకిని ఎక్కి చెన్నై వెళ్లాం. మా వైపు ఇప్పటికీ పెద్దవాళ్లకి కంటి జబ్బంటే మద్రాసే. చూపు మసకబారినప్పటి నుంచి మెసేజ్ వస్తే చాలు, పక్కన ఎవరుంటే వాళ్ల చేతిలో ఫోను పెట్టి చదవమంటున్నారు నాన్న. మా ఊళ్లో ఫర్వాలేదు, అందరూ తెలిసినవాళ్లే. ఊరు కాని ఊళ్లో ఆ అలవాటు ఎక్కడికి దారి తీస్తుందోనని నాకు ఒకటే టెన్షన్.

అందుకే బయల్దేరే ముందే కొన్ని పనులు చేసిపెట్టుకున్నాను. పెన్షన్ ఖాతాని యూపీఐ నుంచి తీసేసి, ఖర్చులకి సరిపడా డబ్బు ఇంకో ఖాతాలో వేసి దాన్ని కలిపాను. డెబిట్ కార్డుకి ఆన్‌లైన్ వాడకం ఆపేశాను. ఆర్బీఐ నిబంధన వల్ల 2020 నుంచి బ్యాంకులు ఈ వీలు మన చేతికే ఇచ్చాయి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనుకే ప్రత్యేకమైన గుర్తింపు నంబరు, కాగితం మీద రాసుకున్నాను. ఫోను పోతే ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అది కావాలి. సిమ్‌కి కూడా పిన్ పెట్టాను. ఈ ఒక్కటీ చాలామంది పట్టించుకోరు. ఫోనుకి ఎంత గట్టి లాక్ ఉన్నా, సిమ్‌కి పిన్ లేకపోతే, ఫోను కొట్టేసినవాడు మన సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకుంటే ఓటీపీలన్నీ అటే పోతాయి.

సెంట్రల్‌లో దిగగానే ఫోనులో ఫ్రీ వైఫై పేర్లు కనిపించాయి. రైల్వే వాళ్ల రైల్‌వైర్ వైఫై, మన ఫోను నంబరు, ఓటీపీ తీసుకుని రోజుకి అరగంట ఉచితంగా ఇస్తుంది. అయితే అదే పేరుతో ఎవరైనా హాట్‌స్పాట్ పెట్టచ్చు, ఫోనుకి తేడా తెలియదు. బ్యాంకు యాప్‌లు ఇప్పుడు అంతా ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే వేరేవాళ్లు చదవలేని కోడ్‌లోకి మార్చే పంపుతున్నాయి కాబట్టి, పక్కన కూర్చున్నవాడు అన్నీ చదివేస్తాడన్న భయం చాలావరకు పాతది. అసలు ప్రమాదం, కనెక్ట్ కాగానే దొంగ పేజీ తెరిచి పాస్‌వర్డో కార్డు నంబరో అడగడం. నేను వైఫై ఆపేసి, నా మొబైల్ డేటానే నాన్నకి హాట్‌స్పాట్‌గా ఇచ్చాను.

మెట్రోలో థౌజండ్ లైట్స్ దగ్గర దిగి గ్రీమ్స్ రోడ్డు సందుల్లో లాడ్జి తీసుకున్నాం. మేనేజరుది నెల్లూరు. "ఆధార్ వాట్సాప్‌లో పెట్టేయండమ్మా" అన్నాడు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రింటు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, క్యూఆర్ కోడ్ ఉంది కదా అని తీసుకున్నాడు. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వద్దనీ, నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయద్దనీ ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకుంటారని కేంద్రం రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటన పోయినా, ఆ జాగ్రత్త మాత్రం అవసరమేనని నా నమ్మకం.

ఆ అవసరం ఏమిటో పక్కనే ఉన్న ప్రింటు షాపులో కళ్లారా చూశాను. పాత రిపోర్టులు ప్రింటు తీయించడానికి వెళ్తే, ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచే ఉంది. ఎవరెవరివో స్కానింగులు, ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు. మరో ట్యాబ్‌లో ఎవరో వాట్సాప్ తెరిచి మూయకుండా వెళ్లిపోయారు. వాళ్లింటి మెసేజీలు మా కళ్ల ముందే వచ్చి పడుతున్నాయి. కుర్రాడికి తెలుగు వచ్చు. "బాబూ, ముందు అది లాగౌట్ చెయ్యి, ప్రింటు అయ్యాక మావి డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి" అన్నాను. "సరే అక్కా" అని అన్నీ చేశాడు. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదంతే. అలా మర్చిపోయినవాళ్లు తమ ఫోను వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి, ఎక్కడి నుంచైనా దాన్ని తీసేయచ్చు.

ఆసుపత్రిలో నాన్న కళ్లలో చుక్కలు వేశారు. కంటిపాప పెద్దదవుతుంది, కొన్ని గంటలపాటు దగ్గరున్న అక్షరం ఆనదు. ఆ హాల్లో అందరిదీ అదే పరిస్థితి. ఫోను మోగితే పక్కవాళ్లకిచ్చి, "ఇదేంటో చూడు నాయనా" అంటున్నారు. ఒకాయన యూపీఐ పిన్ పైకే చెబుతున్నారు, ఎవరో నొక్కుతున్నారు. "నాన్నా, నేను మందులకి వెళ్లినా ఫోను ఎవరికీ ఇవ్వకండి" అని ముందే చెప్పాను కాబట్టి ఆయన జేబు మీద చెయ్యి తీయలేదు.

మా వరసలో ఒంగోలు నుంచి వచ్చిన పెద్దావిడ ఉన్నారు. అపాయింట్‌మెంట్ కోసం ఆవిడ కొడుకు ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకి చేశాడట. పది రూపాయలు కడితే ఖాయమవుతుందంటూ అటునుంచి వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోనులో యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైలు, వచ్చింది. "కాస్త ఇది పెట్టి పెట్టమ్మా" అని ఫోను నాకిచ్చారు. అలాంటి యాప్‌కి ఎస్సెమ్మెస్‌లు చూసే అనుమతి ఇచ్చామా, వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకి చేరిపోతాయి. ఇన్‌స్టాల్ చేయలేదు కాబట్టి ఖాతా భద్రంగానే ఉంది. ఆవిడ ఎదుటే ఫైలు తీసేసి, నంబరు బ్లాక్ చేసి, కొడుక్కి ఫోన్ చేశాను. డబ్బు పోయి ఉంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలని, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుందని చెప్పాను.

తర్వాత ఆవిడని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ అసలు నంబరు చీటీ మీద రాసిచ్చారు. మేము ఎవరికీ యాప్ ఫైళ్లు పంపం అని ఈ హాల్లో తెలుగులో కూడా ఒక బోర్డు పెట్టించండి, చుక్కలు వేయకముందే చదువుకుంటారు అని అడిగాను. పైవాళ్లకి చెబుతామన్నారు. వచ్చే నెల నాన్నని మళ్లీ తీసుకెళ్లాలి, పెట్టకపోతే ఈసారి కాగితం మీద రాసిస్తాను.