మా కేసు ఏ లెక్కలో ఉంది?

విడాకుల కేసు నడిచినన్నాళ్లూ వాయిదా పడ్డప్పుడల్లా మా పాప అడిగేది, "అమ్మా, ఇంకెన్ని రోజులు?" అని. అందుకే ఇప్పుడు కోర్టుల వేగం లెక్కలు పట్టుకుని కూర్చుంటున్నాను.

ఏడాదిలో 1,000 కేసులు వచ్చి 1,000 తేలితే క్లియరెన్స్ రేటు 100 శాతం. కానీ తేలినవన్నీ ఇద్దరూ ఒప్పుకున్న తేలిక కేసులైతే? కస్టడీ గొడవలు అలాగే మూలుగుతుంటాయి. ఇదే వేగంతో సాగితే మిగిలిన కేసులు తేలడానికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయడానికి, ఏడాది చివర మిగిలినవాటిని తేలినవాటితో భాగించి 365తో హెచ్చించే పద్ధతి ఇంకోటుంది. 1,000 తేలి 500 మిగిలితే దాదాపు 183 రోజులు. ఐదేళ్లుగా నలుగుతున్న కేసు ఇందులోనూ కనపడదు.

పెండింగ్ కేసుల వయసు విడిగా చూపించాలి. మధ్యంతర భరణం మీద, పిల్లల్ని కలిసే విషయంలో మొదటి ఉత్తర్వు ఎన్ని రోజులకు వచ్చిందో తప్పకుండా రాయాలి. మాకు దానికే పదకొండు నెలలు పట్టింది.