ఓల్ దోయిన్యో లెంగాయ్ ఎక్కాను: నా అనుభవం

టాంజానియాలో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్లు కొండలంటే కిలిమంజారో గురించే మాట్లాడతారు. 5,895 మీటర్లు, ఆఫ్రికాలోకెల్లా ఎత్తు, నిజమే. నన్ను మాత్రం ఎప్పట్నుంచో లాగుతున్నది దానిలో సగం ఎత్తుండే ఓల్ దోయిన్యో లెంగాయ్. ఇక్కడ పశువులు కాసి బతికే మసాయి తెగవాళ్లకు అది వాళ్ల దేవుడు ఎంగాయ్ ఉండే కొండ. ఇప్పటికీ లోపల రగులుతూనే ఉన్న అగ్నిపర్వతం. అది కక్కే రకం లావా ఈ కాలంలో భూమ్మీద మరెక్కడా కనిపించదు.

ఉత్తర టాంజానియాలోని అరూషా నగరం నుంచి మ్టో వా ఎంబు అనే ఊరి దాకా తారు రోడ్డు. అక్కణ్నుంచి నేట్రాన్ సరస్సు వైపు మట్టి దారి, దుమ్ము, మధ్యమధ్య గేట్లు. గేటు దగ్గర బండి ఆపి, పేర్లు రాసి, ఫీజు కట్టాలి. ఆ ఫీజులు ప్యాకేజీలో ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడిగి రాయించుకున్నాం కాబట్టి దారిలో ఏ గొడవా లేదు. మీరూ అలాగే చేయండి. కొండకు దగ్గరి ఊరు ఎంగారే సెరో. మా మసాయి గైడ్ అక్కడివాడే. వస్తూనే మా బూట్లు చూశాడు, తర్వాత గ్లోవ్స్ ఉన్నాయా అని అడిగాడు.

పెందలాడే తిని పడుకున్నామన్న మాటేగానీ నిద్ర పట్టలేదు. బయల్దేరేది అర్ధరాత్రి. పగలైతే ఆ ఎండకు ఎక్కలేం. దారి పొడుగునా నీడ లేదు, చుక్క నీరు దొరకదు. మనిషికి మూడు నాలుగు లీటర్లు మోసుకోవాల్సిందే. మొదట్లో గడ్డి, కాళ్ల కింద మెత్తటి బూడిద, అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. అక్కడిదాకా ఫరవాలేదు. సగం దాటాక కొండ నిటారుగా లేస్తుంది. పైభాగంలో వాలు 45 డిగ్రీల దాకా ఉంటుంది. పేరుకున్న బూడిద గట్టిపడి పెంకు కట్టింది, దాన్ని వానలు గాడులు గాడులుగా కోశాయి. ఆ గాడుల్లోనే రెండు చేతులూ ఆన్చి పాకాలి. పెంకు గరుకుకాగితంలా ఉంది, వట్టి చేతులైతే చర్మం లేచిపోయేది. గ్లోవ్స్ సంగతి అప్పుడు అర్థమైంది.

గైడ్ "పోలే పోలే" అంటూనే ఉన్నాడు, మెల్లగా మెల్లగా అని. ఒకచోట మాతో వచ్చిన ఖమ్మం తమ్ముడికి టెన్షన్ పట్టుకుంది. కాళ్లు వణుకుతున్నాయి, పైకీ రాలేడు, కిందికీ పోలేడు. గైడ్ నాలుగడుగులు దిగొచ్చి, తన కర్రను వాలుకు అడ్డంగా గుచ్చిపెట్టి, దాని మీద కాలు మోపమన్నాడు. మోపాడు. తర్వాత ఇంకో అడుగు పైన మళ్లీ కర్ర. అలా ఆ కష్టమైన ముక్కంతా దాటించాడు. ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఈ కొండ ఎక్కడం ఎవరి చలవ అంటే నేను ఆయన పేరే చెబుతాను.

తెల్లవారకముందే బిలం, అంటే లావా పైకొచ్చే పెద్ద గుంట, అంచు చేరాం. గంధకం ఘాటు ముక్కుకు కొట్టింది. కింద బిలంలో చిన్న చిన్న గోపురాల్లాంటి దిబ్బలు, ఒకదాని నోట్లోంచి లావా చిమ్ముతోంది. చీకట్లో మసక ఎరుపు. వెలుతురు వచ్చేసరికి అదే లావా నల్లగా, పల్చగా, బురదనీళ్లలా పారుతోంది. చాలాచోట్ల కనిపించే బసాల్ట్ రకం లావా 1,100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఇది 500-600 డిగ్రీలకే పారుతుంది, ఎందుకంటే ఇందులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) దాదాపు లేదు, ఎక్కువగా ఉన్నది సోడియం, కాల్షియం కార్బొనేట్లే. ఇంత విచిత్రమైన లావా ఉంటుందని 1960లో జె.బి. డాసన్ వంటి భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడ కళ్లారా చూసి చెప్పారు. ఇందులోని ఒక ఖనిజానికి ఈ దేశ తొలి అధ్యక్షుడు నైరేరే పేరు మీదుగా నైరేరైట్ అని పేరు పెట్టారు. చల్లారిన లావాకు తేమ తగిలితే తెల్లబడుతుంది. దూరం నుంచి శిఖరం మీద మంచులా కనిపించేది అదే, మన చాకలి సోడాకు దగ్గరి చుట్టం. ఉత్తరాన కనిపించే నేట్రాన్ సరస్సు నీళ్లు అంత క్షారంగా ఉండటంలో ఈ చుట్టుపక్కల అగ్నిపర్వతాల పాత్ర పెద్దది. తూర్పు ఆఫ్రికాలో లెస్సర్ ఫ్లమింగో జాతి పక్షులు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ముఖ్యంగా అక్కడే.

ఈ పల్చటి లావాను చూసి కొండ సాధువనుకోకూడదు. 2007 సెప్టెంబరులో పెద్దగా పేలి, 2008 దాకా బూడిద కక్కింది. పచ్చిక మీద బూడిద పడితే పశువులకు మేత ఉండదు, మసాయిలకు బతుకే పశువులు. గైడ్ ఆ సంగతి చెబుతూ బిలం వైపు చూడలేదు, కింద ఊరి వైపే చూశాడు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. కిందంతా కళ్లముందే కనిపిస్తుంది, మోకాళ్ల మీద భారమంతా పడుతుంది. వాలుకు ఎదురుగా తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాం. ఎండ ముదిరేలోగా బండి దగ్గరికి చేరాలి కాబట్టి పైన ఎక్కువసేపు ఆగడానికి లేదు.

వెళ్లాలనుకునేవాళ్లు మార్చి నుంచి మే దాకా వానలు వదిలేసి, జూన్ తర్వాత పెట్టుకోండి. గ్లోవ్స్, చేతికర్ర, మంచి పట్టున్న బూట్లు, హెడ్‌ల్యాంప్‌కు అదనపు బ్యాటరీలు తప్పనిసరి. బిలం పరిస్థితి మారుతూ ఉంటుంది, ఆ వారం పైకి వెళ్లొచ్చిన గైడ్‌ని అడిగాకే బయల్దేరండి. ఆయన వద్దంటే ఆగిపోండి.