మా అపార్ట్‌మెంట్ లైట్లు మళ్లీ వెలిగించడానికి పడ్డ పాట్లు

మాది నెల్లూరులో 13 అంతస్తుల అపార్ట్‌మెంట్. హైదరాబాద్ వాళ్లకి నవ్వొస్తుందేమో గానీ, మా ఊళ్లో ఆ మాత్రం ఎత్తుంటే ఆకాశహర్మ్యం కిందే లెక్క. బ్రోచర్‌లో పైనుంచి కిందదాకా తెల్లటి లైటు గీతలు, పక్కన బుర్జ్ ఖలీఫా బొమ్మ. రెండో ఏడు వానలకే ఆ గీతలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఒకటి మాత్రం పూర్తిగా ఆరదు, రాత్రంతా టపటపా కొట్టుకుంటూ ఉండేది. సరిగ్గా అప్పుడే నన్ను సెక్రటరీని చేశారు (మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్లడం నా తప్పే).

ముందొచ్చినతను పైకి కూడా ఎక్కలేదు. కింద నిలబడే చూసి, ఎల్‌ఈడీ స్ట్రిప్పులన్నీ పోయాయి, మొత్తం మార్చాలి, నాలుగు లక్షలు అవుతుందన్నాడు. మా మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ మాత్రం "ఏందన్నా, డబ్బా తెరవకుండానే లక్షలా?" అని నన్ను టెర్రస్ మీదకి తీసుకెళ్లాడు. మూత తీస్తే అర గ్లాసు తుప్పునీళ్లు, ఎండిపోయిన బల్లి, జాయింట్లకి ఉత్త టేపు. కొత్త డ్రైవర్ (లైట్లకి కరెంటు మార్చి ఇచ్చే పెట్టె) ఒకటి తెచ్చి రెండు వైర్లు ఆనించగానే గీత కిందదాకా వెలిగింది. పోయింది స్ట్రిప్పులు కాదు, 230 వోల్టుల కరెంటుని 24 వోల్టుల డీసీగా మార్చే డ్రైవర్లు. అన్నీ టెర్రస్ మీదే పెట్టడం వల్ల కిందికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోయి రెండో అంతస్తు దగ్గర ఎప్పుడూ మసగ్గానే ఉండేదట, నేనేమో అది డిజైన్ అనుకున్నా! డ్రైవర్లని మూడు అంతస్తులకొకటి చొప్పున లోపల వైర్లు వెళ్లే ఎలక్ట్రికల్ డక్ట్‌లోకి మార్పించాం.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. తొమ్మిదో అంతస్తు బయట రెండు స్ట్రిప్పులు నిజంగానే పోయాయి, వాటిని అందుకోవడం ఎట్లా? బుర్జ్ ఖలీఫాకి 40, 73, 109 అంతస్తుల్లో అద్దాలు తుడిచే యంత్రాల కోసం పట్టాలే వేశారు. 828 మీటర్ల బిల్డింగ్‌లో తుడిచేవాడు ఎక్కడ నిలబడాలో ముందే గీసుకున్నారన్న మాట. మా పిట్టగోడకి ఒక్క కొక్కెం లేదు.

తాళ్లతో దిగి పనిచేసే కుర్రాళ్లు వచ్చి పిట్టగోడని కాలితో తన్ని చూసి, దీనికి తాడు కట్టేది లేదని చెప్పేశారు. చివరికి లిఫ్ట్ రూమ్ పిల్లర్‌కి కట్టారు. కూర్చునే పలకకి ఒక తాడు, నడుం బెల్టుకి విడిగా ఇంకో తాడు ఉండాలని నేను పట్టుబట్టా. ఒక తాడు చాలు సామీ అంటాడు ఆ అబ్బాయి, నాకేమో కిందికి చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి. రెండోది తెచ్చి కట్టేదాకా అరగంట పని ఆపేశా. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి ఎత్తుకుంటుందని పదింటికల్లా ముగించారు.

ఇక 803 ఆంటీ ఫిర్యాదు ఒకటుంది. వరి పచ్చబడ్డ రోజుల్లో పచ్చ దీపపు పురుగులు గుంపులుగా వచ్చి అన్నం కంచాల్లో పడుతున్నాయని. పేరులోనే దీపం ఉంది, రాక ఏం చేస్తాయి! నీలం పాలు ఎక్కువున్న తెల్ల లైటుకి పురుగులు ఎగబడతాయి, పసుపు లైటుకి అంతగా రావు. అందుకే స్ట్రిప్పులు బాగున్నవాళ్లు గొణిగినా, బాల్కనీల దగ్గరవన్నీ 3000 కెల్విన్ (లైటు రంగు కొలత) పసుపువి వేయించి, టైమర్‌తో పదింటికి ఆగిపోయేట్టు పెట్టాం. వాచ్‌మన్ రోజూ చేటెడు పురుగులు ఊడ్చేవాడు, ఇప్పుడు గుప్పెడు.

పోయిన నెల టెర్రస్ స్లాబులో నాలుగు స్టీలు కొక్కేలు కూడా దింపించా. అందులో ముగ్గురి వాటా ఇంకా నా జేబులోంచే ఉంది.