వేదిక ఎక్కకముందు ఒక్క ఫిల్టరు లెక్క

కాలేజీ సంచికకు జ్ఞాపకాలు రాయమన్నారు. సోషల్ ఎంటర్‌ప్రైజ్ (సమాజ సమస్యను తీర్చే వ్యాపారం) పోటీలనగానే కప్పులు, గ్రూపు ఫొటోలే అందరికీ గుర్తొస్తాయి. ఈ ఏడు పేరిచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వాటితో పనిలేదు. పనికొచ్చేది లెక్కల పుస్తకం, అదే తెరుస్తున్నాను.

తాగునీటి ఫిల్టరు అమ్మే జట్టు ఒకటుందనుకోండి. ధర 100, తయారీకి 62, మిగిలేది 38. నెల ఖర్చులు 30,000 గనుక 790 ఫిల్టర్లు అమ్మితే గట్టెక్కుతామని స్లైడ్ మీద రాసేస్తారు. ఇంటింటికీ మోసుకెళ్లి అమ్మే మనిషి కమీషనూ రవాణా కలిపి 18, పగిలినవాటికి బదులు ఇవ్వడానికి 5. ఈ రెండూ ఎవరూ రాయరు. అవి తీసేస్తే మిగిలేది 15. అంటే నెలకు 790 కాదు, 2,000 అమ్మాలి. జడ్జి మొదట చూసేది ఆ రెండు పద్దులు ఉన్నాయా లేవా అనే.

దుకాణాల ద్వారా అమ్ముదామంటే ఇంకో గొయ్యి ఉంది. దుకాణదారు 60 రోజుల అరువు అడిగాడంటే రెండు నెలల సరుకు, 4,000 ఫిల్టర్లు, మన డబ్బుతోనే తయారుకావాలి. ఒక్క తయారీకే 2,48,000. లాభంలో ఉన్న జట్టు కూడా నగదు లేక ఆగిపోయేది ఇక్కడే. నెలవారీ నగదు పట్టిక ఒక పేజీ వేసుకుంటే ఇది ముందే కనబడుతుంది.

పోటీలో నెగ్గిన ఆలోచన కూడా లెక్క దగ్గర దొరికిపోవచ్చు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ప్లేపంప్ సంగతి చూడండి. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2000లో ప్రపంచ బ్యాంకు డెవలప్‌మెంట్ మార్కెట్‌ప్లేస్ పోటీలో గెలిచింది. 2010 నాటికి 4,000 పంపులు పెడతామన్నారు. 2009లో గార్డియన్ పత్రిక గుణించి చూస్తే, ఒక్కో పంపు చెప్పినట్టు 2,500 మందికి నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తేలింది. రోజుకు ఉన్నవి 24. ఇది గుణకారం, అంతే. పోటీ గదిలో అయిదు నిమిషాల పని.

వినియోగదారులతో మాట్లాడేటప్పుడు "ఇలాంటిది పెడితే కొంటారా?" అని మాత్రం అడగకండి. ఇంటికొచ్చిన పిల్లల్ని చిన్నబుచ్చడం ఎందుకని "ఎందుకు కొనం బాబూ" అంటారు. ఆ మాటను సర్వే అని స్లైడ్ మీద పెడితే రెండో ప్రశ్నకే కూలిపోతుంది. నిన్న నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకున్నారు, ఎంతసేపు పట్టింది, పోయిన నెల దానికి ఎంత పెట్టారు అని జరిగిపోయినదాన్నే అడగండి. ఆఖర్న చిన్న అడ్వాన్సు అడగండి. ముప్ఫై మందిలో నలుగురు డబ్బు తీసిస్తే, మూడొందల "అవును"లకన్నా ఆ నలుగురే బరువు.

ప్రభావం లెక్క కూడా ఇంతే. "500 కుటుంబాలకు చేరాం" అన్నది పంపిణీ లెక్క. మూడు నెలలకు వాడుతున్నవి 300 ఇళ్లే అనుకోండి. అందులో సగం ఇళ్లవాళ్లు ముందునుంచీ నీళ్లు కాచుకుని తాగుతున్నవాళ్లే అయితే, మీవల్ల మారింది 150 ఇళ్లు. ఈ అంకె మీరే చెబితే గౌరవం, జడ్జి బయటపెడితే అవమానం. వాడుతున్నారో లేదో అడిగి తెలుసుకోలేం, మూత తీసి చూడాలి. లోపల నీళ్లు వడకట్టే సిరామిక్ క్యాండిల్ తడిగా ఉందా, ఎండి బీటలు వారిందా? బురద నీళ్లు పోస్తే దాని రంధ్రాలు పూడి ధార సన్నబడుతుంది. మెత్తటి బ్రష్‌తో, సబ్బు లేకుండా రుద్దాలని ఎవరూ చెప్పకపోతే ఫిల్టరు అటక ఎక్కుతుంది. చాలా జట్ల "ప్రభావం" ఉండేది ఆ అటక మీదే.

పోటీ పత్రంలో "సోషల్ బిజినెస్" అన్న మాటకు అర్థం ఏమిచ్చారో చదవండి. గ్రామీణ బ్యాంకు స్థాపించిన బంగ్లాదేశ్ ఆర్థికవేత్త ముహమ్మద్ యూనస్ నిర్వచనం ప్రకారం పెట్టుబడి పెట్టినవాడికి అసలు తిరిగొస్తుందే గానీ డివిడెండ్, అంటే లాభంలో వాటా, ఉండదు. హల్ట్ ప్రైజ్ లాంటి చోట, విద్యార్థి జట్లకు 10 లక్షల డాలర్ల అంతర్జాతీయ పోటీ అది, లాభం తప్పు కాదు, ఎంతగా విస్తరిస్తారన్నదే అడుగుతారు. ఒకే స్లైడ్లు రెండుచోట్లా పనిచేయవు.

స్లైడ్లు పది చాలు. ఖర్చుల పట్టిక, ప్రశ్నల కాగితం, నగదు పట్టిక చివర్లో అనుబంధంగా ఉంచి, అడిగినప్పుడే తెరవండి. ఏ ప్రశ్నకు ఎవరు జవాబివ్వాలో ముందే పంచుకోండి. నలుగురూ ఒకేసారి నోరు తెరిస్తే ఎవరికీ తెలియదన్నట్టే కనబడుతుంది.

గెలిస్తే వచ్చే ఒప్పందం సంతకానికి ముందు చదవండి. డబ్బు ఒకేసారి ఇస్తారా, మైలురాళ్లు దాటాక విడతలుగానా? డిజైన్ ఎవరి పేరున ఉంటుంది? ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతే క్యాండిల్ సప్లయర్ నంబరు, అడ్వాన్సు ఇచ్చిన ఆ నలుగురి చిరునామాలు ఎవరి దగ్గరుంటాయో ఒక కాగితం మీద రాసుకోండి.