ఆరెంజ్, పోర్తకాల్, తురుంచ్

ఇంగ్లీషు నుండి టర్కిష్‌లోకి అర్థాలు చెప్పే నిఘంటువు ఏదైనా తీసుకుని 'ఆరెంజ్' అన్న పదం దగ్గర ఆగితే అక్కడ ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలిక లేని రెండు మాటలు కనిపిస్తాయి. పండునైతే 'పోర్తకాల్' అనాలి, రంగునైతే 'తురుంజు' అనాలి. ఇంగ్లీషువాళ్ళు పండుకూ రంగుకూ ఒకే మాటతో సరిపెట్టుకుంటే టర్కులు రెంటినీ ఎందుకు విడదీశారన్న ప్రశ్న చాలాకాలంగా నా బుర్రలో తిరుగుతూ ఉండేది. నిఘంటువులు అర్థం చెప్పి ఊరుకుంటాయే గాని కారణం చెప్పవు. కారణమల్లా ఆ పండు ప్రయాణంలోనే ఉంది. పుల్లని పండు ఒక కాలంలో ఒక దారిన, తియ్యని పండు వేరొక కాలంలో వేరొక దారిన టర్కీకి చేరాయి, దేని పేరు అది వెంట తెచ్చుకుంది.

ముందు ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. దాని మూలం సంస్కృతంలోని 'నారంగ' శబ్దమనీ, ఆ నారంగమైనా దక్షిణాది ద్రావిడ భాషల నుండే సంస్కృతానికి చేరి ఉంటుందనీ భాషా శాస్త్రవేత్తలలో చాలామంది భావిస్తారు. తమిళంలో నారత్తై, మలయాళంలో నారంగ, మన నారదబ్బ ఈ వాదానికి బలమిచ్చే మాటలు. పరిమళాన్ని చెప్పే ద్రావిడ ధాతువుతో దీన్ని ముడిపెట్టినవారూ ఉన్నారు. చెట్టు పూతకు వచ్చిన రోజుల్లో ఆ వీధిలో నడిచినవారికి ఆ వాదం నచ్చకపోదు. నారంగం పారసీకంలో 'నారంగ్' అయింది. అరబ్బీలో గకారం లేదు గనుక పారసీకపు గకారం అక్కడ జకారంగా మారి 'నారంజ్' అయింది. మన 'నారింజ'లోని జకారాన్ని చూసినప్పుడల్లా, ఇక్కడ పుట్టిన మాటే పారసీకమో అరబ్బీయో చుట్టి మళ్ళీ మన గుమ్మం తొక్కిందేమోనన్న అనుమానం నాకు కలుగుతుంది. 'నారంగము' అన్న రూపం మనకు విడిగా ఉండనే ఉంది కాబట్టి ఈ ఊహ మరీ అడ్డగోలుది కాదనుకుంటాను.

అరబ్బుల ద్వారా స్పెయిన్‌కు చేరిన మాట అక్కడ మొదటి నకారాన్ని నేటికీ నిలుపుకునే ఉంది. ఇటలీ, ఫ్రాన్సులలో మాత్రం ఆ నకారం రాలిపోయింది. ఆ భాషల్లో నామవాచకానికి ముందు 'ఒక' అనే అర్థంలో వచ్చే చిన్న మాట కూడా నకారంతోనే ముగుస్తుంది. రెండు నకారాలు పక్కపక్కన పడ్డప్పుడు వినేవారికి ఒకటే వినబడి, పండు పేరు అచ్చుతోనే మొదలవుతుందని స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో 'నాప్రన్' అన్న మాట 'ఏప్రన్' అయిన తీరూ ఇదే. అయితే 'ఎ నోరెంజ్' అన్నది 'ఏన్ ఆరెంజ్'గా మారిందని తరగతి గదుల్లో చెప్పే కథ ఎంత ముచ్చటగా ఉన్నా సరైనది కాదు. ఆ మాట ఫ్రెంచి వారి దగ్గర నుండి ఇంగ్లండుకు వచ్చేసరికే నకారం పోగొట్టుకుని వచ్చింది. ఫ్రెంచిలో బంగారానికి 'ఓర్' అని పేరు. పండు బంగారు ఛాయలో ఉండటం వల్ల మొదటి అక్షరం ఆకారం నుండి ఒకారానికి జరగడానికి ఆ మాట కూడా తోడ్పడి ఉంటుందంటారు.

రంగు పేరుగా ఆరెంజ్ ఇంగ్లీషులో కుదురుకున్నది 16వ శతాబ్దంలోనే. అంతకు ముందు ఆ రంగుకు విడి పేరు లేదు. పాత ఇంగ్లీషులో పసుపు, ఎరుపు అన్న రెండు మాటలను కలిపి ఒక సమాసంగా వాడేవారు, లేదా ఎరుపనే సరిపెట్టుకునేవారు. రాబిన్ పిట్ట రొమ్ము నిజానికి నారింజ రంగులో ఉంటే దాన్ని ఈనాటికీ ఎర్ర రొమ్ము పిట్ట అనడం ఆ పాత అలవాటు మిగిల్చిన గుర్తే. ముందు పండు వచ్చింది, పండు వెంట రంగుకు పేరు వచ్చింది. టర్కిష్‌లోనూ జరిగింది ఇదే గాని, రంగుకు పేరిచ్చిన పండు మాత్రం వేరు.

10వ శతాబ్దానికి చెందిన అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ ఈ విషయంలో మనకు విలువైన సాక్షి. నారింజ చెట్టును హిజ్రీ 300 తరువాత, అంటే క్రీ.శ. 912 తరువాతి కాలంలో, హిందూ దేశం నుండి తెచ్చి మొదట ఒమాన్‌లో నాటారనీ, అక్కడి నుండి అది బస్రాకు, ఇరాక్‌కు, సిరియాకు పాకిందనీ, తార్సూస్ మొదలైన సరిహద్దు పట్టణాల ఇళ్ళల్లోనూ అంతియోకులోనూ విరివిగా కనిపించేదనీ ఆయన రాశాడు. సొంత నేలా నీరూ గాలీ కరువై, హిందూ దేశంలో దానికున్న పరిమళం అక్కడ తగ్గిపోయిందని ఒక ఫిర్యాదు కూడా జోడించాడు. ఆయన చెప్పిన తార్సూస్ ఈనాటి టర్కీ దక్షిణ తీరంలో, మెర్సిన్‌కూ అదానాకూ నడుమ ఉంది. అంతియోకు ఇప్పటి అంతాక్యా. మన వైపు నుండి బయల్దేరిన చెట్టు పదవ శతాబ్దంలోనే టర్కీ గడ్డ మీద వేళ్ళూనిందన్న మాట. అప్పటికింకా టర్కిష్ మాట్లాడేవారు అక్కడ స్థిరపడలేదు, వారు 11వ శతాబ్దంలో గాని పెద్ద సంఖ్యలో అనతోలియాకు, అంటే ఈనాటి టర్కీలోని ఆసియా భాగానికి, చేరలేదు. వారు వచ్చేసరికి అక్కడ కాస్తున్నది పుల్లని, కాస్త చేదు కలిసిన నారింజ.

ఆ పుల్ల నారింజనే టర్కిష్‌లో 'తురుంచ్' అంటారు. ఈ మాట పారసీకం నుండి వచ్చింది. పారసీకంలో దీని అసలు అర్థం నారింజ కాదు, మాదీఫలం, అంటే మందపు తొక్క గల పెద్ద నిమ్మజాతి పండు. మాదీఫలానికి సంస్కృతంలో ఉన్న 'మాతులుంగ' శబ్దంతో దీనికి చుట్టరికం ఉందని కొందరు పండితులు అంటారు. ఖురాన్‌లోని యూసుఫ్ అందాన్ని చూసి మైమరచిన స్త్రీలు పండ్లు కోయబోయి చేతులు కోసుకున్న కథలో పారసీక కవులు ఆ స్త్రీల చేతుల్లో పెట్టిన పండు ఇదే. టర్కిష్‌లో మాత్రం ఆ పేరు మాదీఫలాన్ని విడిచి పుల్ల నారింజ మీదికి జరిగింది. పేరు పోగొట్టుకున్న మాదీఫలానికి 'ఆఆచ్ కవును', అంటే 'చెట్టు ఖర్బూజా' అని మరో పేరు పెట్టుకున్నారు.

తురుంచ్ నుండి పుట్టిన విశేషణమే 'తురుంజు'. గులాబీ పువ్వు పేరు గులాబీ రంగుకు చెల్లినట్టు, పారసీక పద్ధతిలో చివర ఒక అచ్చు చేరి 'తురుంచ్ రంగుది' అన్న అర్థం వచ్చింది. చివరి చకారం అచ్చు తగలగానే జకారం కావడం టర్కిష్ వ్యాకరణంలో నిత్యకృత్యం. పరుషాలకు సరళాలు ఆదేశంగా వస్తాయని బళ్ళో వల్లె వేసిన మనకు ఇది కొత్తగా అనిపించదు, పరిస్థితులు వేరైనా జరిగే మార్పు అదే. 2004లో ఉక్రెయిన్‌లో జరిగిన ఆరెంజ్ విప్లవాన్ని టర్కిష్ పత్రికలు 'తురుంజు దెవ్రిమ్' అని రాశాయి. అక్కడ పోర్తకాల్ అని రాస్తే విప్లవం పండ్ల దుకాణంలో జరిగినట్టు ఉండేది.

తురుంచ్‌ను ఒలుచుకుని తినరు. అదానా వీధుల పక్కన నీడకోసం పెంచే చెట్లలో చాలా భాగం ఇవే. ఏప్రిల్‌లో అవి పూస్తే ఊరంతా వాసన వస్తుంది, దాని పేరనే అక్కడ ఒక ఉత్సవం కూడా జరుపుకుంటారు. కాయలను నిమ్మకాయకు మారుగా సలాడ్ల మీదా మాంసం మీదా పిండుకుంటారు. తొక్కతో చేసే మురబ్బా మరీ ప్రసిద్ధం. పైపొరను తురుము పట్టినట్టు పలుచగా గీకేసి, తొక్కను నిలువు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కనూ చాప చుట్టినట్టు చుట్టి, విడిపోకుండా సూదీ దారంతో దండగా గుచ్చుతారు. ఆ దండను చేదు పోయేవరకు నీళ్ళు మారుస్తూ ఉడికించి, తరువాతే చక్కెర పాకంలో వేస్తారు. ఇంగ్లీషువాళ్ళు ఎంతో ఇష్టపడే మార్మలేడ్ అనే తొక్కల జామ్‌కు వాడేదీ ఈ జాతి పండే. వారు దాన్ని స్పెయిన్ నగరం పేరు పెట్టి 'సెవిల్ ఆరెంజ్' అంటారు.

ఇక తియ్యని పండు. మధ్యధరా తీరంలో దాని వ్యాప్తికి ముఖ్య కారకులు పోర్చుగీసువారు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరిన తరువాత తెరుచుకున్న సముద్ర వ్యాపారంలో మేలురకం తీపి పండ్లు యూరప్‌కు చేరాయి. తెచ్చినవారి పేరే పండుకు పడింది. ఇటలీ మాండలికాల్లో, గ్రీకులో, అరబ్బీలో, పారసీకంలో, బల్గేరియన్‌లో, రుమేనియన్‌లో, అల్బేనియన్‌లో, జార్జియన్‌లో కొద్దికొద్ది తేడాలతో వినిపించేది ఇదే పేరు, టర్కిష్ పోర్తకాల్ ఆ వరుసలోదే. గమ్మత్తేమిటంటే పోర్చుగల్ దేశాన్ని టర్కిష్‌లో 'పోర్తెకిజ్' అంటారు. దేశం పేరు ఒక రూపంలో, పండు పేరు వేరొక రూపంలో ఉండటం వల్ల రోజూ పోర్తకాల్ రసం తాగే టర్కుకు ఆ దేశం గుర్తుకు రావలసిన అవసరమే కలగదు.

తీపి పండు వచ్చాక పుల్లపండు పక్కకు జరిగింది గాని, దాని రంగు పేరు అప్పటికే జనం నోళ్ళలో నానిపోయి ఉండటంతో అలాగే నిలబడింది. 'పోర్తకాల్ రంగు' అన్న ప్రయోగమూ టర్కిష్‌లో ఉంది, కాని తురుంజును తోసేయలేకపోయింది. ఇంతకీ మన నారంగం టర్కిష్‌లో పూర్తిగా మాసిపోలేదు. నిమ్మ, కమలా, పంపరపనస జాతులన్నిటినీ కలిపి చెప్పే 'నరెంజియె' అన్న మాటలో అది ఉంది. పండు పేరుగా కాకుండా ఇంటిపేరుగా మిగిలిందన్న మాట.

పోర్తకాల్‌ను తెలుగులో ఏమనాలి? నారింజ అనో కమలా అనో వెంటనే అనేస్తాం. శాస్త్రరీత్యా చూస్తే రెండూ అంత సరిగా అతకవు. మనం కమలా అని ఒలుచుకు తినే వదులు తొక్క పండు మాండరిన్ జాతిది, టర్కిష్‌లో దానికి 'మందలినా' అని విడిగా పేరుంది. పుల్లని నారింజకు దగ్గరి చుట్టం తురుంచ్. గట్టిగా అంటుకున్న తొక్క గల తీపి పోర్తకాల్‌కు జాతి రీత్యా సరిజోడు మన బత్తాయి. నల్లగొండ వైపు బత్తాయి అనీ అనంతపురం, కడప వైపు చీనీ అనీ పిలిచే సాత్‌గుడి రకం వృక్షశాస్త్రంలో తీపి ఆరెంజే, ఇంగ్లీషు మాట్లాడే మనవాళ్ళు దాన్ని స్వీట్ లైమ్ అన్నా సరే. తొక్క ఆకుపచ్చగానో పసుపుగానో ఉండటం మన వేడి వల్ల. రాత్రుళ్ళు చలి తగిలితే గాని తొక్కలో పచ్చదనం విరిగి నారింజ ఛాయ తేలదు.

ఆ పేర్ల విషయంలోనూ మనం టర్కులకు తీసిపోలేదు. బత్తాయి అన్నది డచ్చివారి బటావియా నుండి, అంటే ఇప్పటి జకార్తా నుండి, వచ్చిన పేరని చెబుతారు, పాత రూపం 'బత్తావి'. రాయలసీమ చీనీ చైనాను గుర్తుకు తెస్తుంది. డచ్చివారు ఈ పండును 'చైనా ఆపిల్' అన్న అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, ఒకప్పటి ఇంగ్లీషులో తీపి పండును 'చైనా ఆరెంజ్' అనేవారు. తీపి ఆరెంజ్‌ను చాలా జాతులు తమకు తెచ్చినవాడి పేరుతోనో, వచ్చిన చోటి పేరుతోనో పిలుచుకున్నాయి. పుల్లపండుకు మాత్రం చాలాచోట్ల ఆ గతి పట్టలేదు, అది ఎక్కువగా సొంత పేరుతోనే వెళ్ళింది.

ఆరెంజ్ నుండి పుట్టిన ఇంగ్లీషు మాటలు టర్కిష్‌లోకి వెళ్ళినప్పుడు పండు మారిపోతూ ఉంటుంది. శీతాకాలంలో చెట్లు చలికి చావకుండా దాచే అద్దాల గదిని ఇంగ్లీషులో ఆరెంజరీ అంటే టర్కిష్‌లో 'లిమోన్‌లుక్' అంటారు, అంటే నిమ్మచెట్ల తావు. పొంతన లేని వాటిని పోల్చడాన్ని ఇంగ్లీషువారు ఆపిల్‌తో ఆరెంజ్‌ను పోల్చడమంటే, టర్కులు ఆపిల్‌తో బేరిపండును కలపడమంటారు. ఆరెంజ్ నిజంగా పోర్తకాల్‌గానే నిలిచిన చోట్లు వేరే ఉన్నాయి. అంతాల్యా నగరంలో 1960ల నుండి జరుగుతున్న చలనచిత్రోత్సవం పేరు 'బంగారు పోర్తకాల్'.

వీటన్నిటికంటే చిక్కుముడి వేసిన అర్థం ఇంకొకటుంది. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే పట్టణం ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో, పండుతో దానికి ఏ సంబంధమూ లేదు. వాడుకలో అరిగి అరిగి పండు పేరుతో ఏకమైంది. ఆ పట్టణపు సంస్థానం 1544లో నస్సావు వంశపు విలియంకు వారసత్వంగా దక్కింది. డచ్చివారి స్వాతంత్ర్య పోరాటానికి నాయకుడైన విలియం ఆఫ్ ఆరెంజ్ ఆయనే. ఆయన వంశం పేరు మీదుగానే నారింజ రంగు నెదర్లాండ్స్‌కు జాతీయ వర్ణమైంది. ఆ వంశంవాడే 1689లో మూడవ విలియంగా ఇంగ్లండు సింహాసనం ఎక్కాడు, ఐర్లండులో ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టెంట్ల సంఘానికి, దక్షిణాఫ్రికాలో ఆరెంజ్ నదికి పేరు పడిందీ ఈ వంశం వల్లనే.

ఈ ఆరెంజ్‌ను టర్కిష్‌లో ఏమనాలన్నది అనువాదకుడికి పరీక్షే. చరిత్ర రాసేవారు దీన్ని పండుగానూ రంగుగానూ మార్చకుండా పేరుగానే ఉంచుతారు. ఫుట్‌బాల్ వార్తలు రాసేవారికి అంత ఓపిక ఉండదు. నెదర్లాండ్స్ జట్టు మైదానంలోకి దిగగానే వారికది 'పోర్తకల్లార్', అంటే 'తీపి నారింజలు'. అరౌసియో పట్టణానికి పండుతో సంబంధం లేదు, జట్టు చొక్కాకు పోర్చుగల్‌తో సంబంధం లేదు, రంగునే చెప్పదలిస్తే తురుంజు చేతికి అందుతూనే ఉంది. అయినా ఇస్తాంబుల్ క్రీడా పేజీల్లో గెలిచేదీ ఓడేదీ పోర్తకాలే.