ఏడు రాత్రులు, మూడు కవర్లు

అలాస్కా క్రూజ్ ఓడలో మా గదికి చేరి, సంచులు ఇంకా కింద పెట్టకముందే తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే ముప్పై ఏళ్ల కుర్రాడు, చేతులు జోడించి నమస్తే అన్నాడు. చొక్కాకు తగిలించిన బిళ్ల మీద పేరు, దాని కింద 'ఇండోనేషియా' అని ఉంది. ఈ ఏడు రోజులూ మీ గది నేనే చూసుకుంటాను, పొద్దున సర్దమంటారా, సాయంత్రం సర్దమంటారా అని అడిగాడు. మావారు పొద్దున చాలన్నారు. వెళ్తూ వెళ్తూ మా మనవరాలి పేరు అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని మరీ వెళ్లాడు. ఆ తర్వాత వారంలో ఒక్కసారి కూడా ఆ పేరు తప్పు పలకలేదు. మంచుకొండలూ తిమింగలాలూ చూసి వచ్చాక కూడా అలాస్కా అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ అబ్బాయే.

మాది తెనాలి. అమ్మాయి, అల్లుడు సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉంటారు. జూన్‌లో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ఐదుగురం కలిసి సియాటిల్‌లో పియర్ 91 దగ్గర ఓడ ఎక్కాం. దారిలో అలాస్కాలోని జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్, చివర కెనడాలోని విక్టోరియా, మళ్లీ సియాటిల్.

విక్టోరియాలో ఓడ ఆగేది సాయంత్రం కొన్ని గంటలే. కానీ ఆ కొన్ని గంటల వెనక 1886 నాటి అమెరికా చట్టం ఉంది. వేరే దేశం జెండాతో తిరిగే ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో ఇంకో దేశం రేవులో ఆగకుండా తిరిగి అమెరికాలోనే దించకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతోనే తిరుగుతాయి. అందుకే ఆ విక్టోరియా. మన పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు దీనివల్ల కెనడా వీసా కూడా కావాలి, అక్కడ దిగకుండా గదిలో పడుకున్నా సరే. అమెరికా వీసా కూడా ఒక్కసారికి మాత్రమే చెల్లేది కాకుండా చూసుకోవాలి, మళ్లీ లోపలికి రానివ్వాలి కదా. మా ముందు వరసలో ఒక పెద్దావిడకు కెనడా వీసా లేదని ఎక్కనివ్వలేదు. కొడుకూ కోడలూ ఆమెను పక్కన కూర్చోబెట్టి ఫోన్లు చేస్తూ ఉండిపోయారు. ఆవిడ చేతిలో కొత్త స్వెట్టరు, దానికి ఇంకా ధర చీటీ కూడా తీయలేదు. ఊరి నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చి ఈ ప్రయాణం చేయించాలనుకునే పిల్లలు టికెట్ల కంటే ముందు ఈ వీసా సంగతి చూసుకోవాలని ఎంతమందికి చెప్పినా తక్కువే.

ఓడ కదలడానికి ముందు అందరూ ఎవరి మస్టర్ స్టేషన్‌కు వాళ్లు వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. ప్రమాదం వస్తే పరుగెత్తి చేరాల్సిన చోటు అన్నమాట. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి వెళ్లాలి. లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ఫోన్‌లోనే వీడియో చూపిస్తారు. చాలామంది దీన్ని ఒక తంతులాగా ముగించేసి బఫే వైపు నడిచారు. నాకైతే నిలబడి వినాలనిపించింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జీలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాళ్లకు గుద్దుకుని ఒరిగిపోయింది, 32 మంది పోయారు. ఆరోజే ఎక్కినవాళ్లలో చాలామందికి ఈ కసరత్తు ఇంకా జరగనేలేదు. అప్పట్లో 24 గంటల్లోపు చేయిస్తే చాలనేది నియమం. ఆ ప్రమాదం తర్వాతే బయల్దేరేముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ చేయించి తీరాలని మార్చారు. మా మస్టర్ స్టేషన్ ఆరో అంతస్తులో నాటకశాల పక్కన. మనవరాలిని గది నుంచి అక్కడికి మెట్ల మీదుగా రెండుసార్లు నడిపించాను. అలాంటి సమయంలో లిఫ్టులు వాడకూడదు.

వేల మంది ఒకే కప్పు కింద వారం రోజులు ఉండటం అంటే పెళ్లివారి విడిది లాంటిది. ఒకరి అలవాటు ఇంకొకరికి తగులుతూనే ఉంటుంది. మొదటి రాత్రి మా గదుల తలుపులు రెండూ దబదబా పడుతుంటే పక్కగది ముసలాయన బయటికి వచ్చి, మా ఆవిడ నిద్ర లేచిపోతోందమ్మా, తలుపు చేత్తో పట్టి మూయండి అని మెల్లగా చెప్పాడు. ఆ తలుపులు బరువైనవి, వదిలేస్తే వాటంతట అవే గట్టిగా పడతాయి. అప్పటినుంచి ఐదుగురమూ చేత్తో పట్టే మూశాం. పొద్దున ఆయన కనిపిస్తే పలకరించుకునేవాళ్లం, చివరికి ఆ దంపతులు మా మనవరాలికి పేకాట ఒకటి నేర్పారు.

చేతులు కడుక్కోవడం గురించి కూడా చెప్పాలి. బఫే గుమ్మంలోనే కుళాయిలు, సబ్బు ఉంటాయి, ఒకమ్మాయి నిలబడి నవ్వుతూ అందరినీ కడుక్కోమంటుంది. చాలామంది జెల్ రాసుకున్నాం కదా అని దాటిపోతారు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌ను ఆ జెల్ సరిగా చంపలేదు, సబ్బుతో రుద్ది కడగాల్సిందే. ఓడలో ఒకరికి వచ్చిందంటే కొన్ని రోజుల్లోనే పాకిపోతుంది. అలాగే బఫేలో పళ్లెం నిండా పెట్టుకుని సగం వదిలేయడం నేను చూడలేకపోయాను. ఎన్నిసార్లైనా మళ్లీ వెళ్లి పెట్టుకోవచ్చు, ఎవరూ అడగరు. అన్నం పారేస్తే కళ్లకద్దుకుని క్షమించమని అడిగిన ఇళ్లలో పెరిగినవాళ్లం మనం.

రెండో రాత్రి భోజనాల హాల్లో మనవరాలు పెరుగన్నం కావాలని మారాం చేస్తుంటే వెనకనుంచి, "పెరుగన్నమే కదమ్మా, తెస్తానుండు" అని తెలుగులో వినిపించింది. నాకు ఒళ్లు పులకరించింది. మా బల్లకు వడ్డించే అబ్బాయి! బిళ్ల మీద 'ఇండియా' అని చూశాను గానీ ఇంగ్లిషులోనే మాట్లాడుతుంటే ఏ గోవా వాడో అనుకున్నాను.

"ఏ ఊరు నాన్నా?"

"భీమిలి దగ్గరండీ. మీది గుంటూరు వైపా అమ్మా? మాటని బట్టి అనుకున్నాను."

మరునాటి నుంచి మా బల్ల మీదికి పప్పు, అన్నం, ఒక కూర వచ్చాయి. ముందురోజు రాత్రే హెడ్ వెయిటర్‌కు చెప్పి ఉంచితే శాకాహారం చేసిపెడతారట. అప్పటికప్పుడు అడిగితే వంటవాళ్లకు కష్టం. నెమ్మదిగా అతని సంగతులు తెలిశాయి. ఎనిమిది నెలల కాంట్రాక్టు, ఆరో నెల నడుస్తోంది. ఐదు నెలల పాపను వదిలి ఎక్కాడు, ఇప్పుడు ఆ పాపకు పదకొండు నెలలు. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం, రాత్రి, మూడు పూటలా డ్యూటీ. వారపు సెలవు అనేది లేదు. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందంలో రోజుకు కనీసం పది గంటలు, వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని ఉంది. వారానికి 168 గంటలు కదా, తీసేస్తే 91. అంత పని చేయించినా అది నియమం లోపలే అన్నమాట. ఓడ వేరే దేశం జెండాది కాబట్టి అమెరికా కనీస వేతన చట్టం వీళ్లకు వర్తించదు. అసలు జీతం తక్కువ, రాబడిలో పెద్ద భాగం టిప్పులే. ఇదంతా అతను ఫిర్యాదుగా చెప్పలేదు. నేను ఒక్కొక్కటే అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. టిప్ మాట మాత్రం తనంతట తాను ఎత్తలేదు, అడగడం వాళ్లకు నిషేధం.

టిప్ లెక్క ఇలా ఉంటుంది. మేము వెళ్లినప్పుడు మా ఓడలో మనిషికి రోజుకు 17 డాలర్లు, చిన్నపిల్లలకు కూడా అంతే, ఓడలో మన పేరున ఉండే ఖర్చుల ఖాతాలో వాటంతట అవే పడిపోయేవి. ఐదుగురికి ఏడు రోజులకు 595 డాలర్లు. మన డబ్బులో సుమారు అరలక్ష. అల్లుడు చెప్పినప్పుడు మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, గుండె గుభేలుమన్న మాట నిజం. టికెట్‌కు అంత పోశాక మళ్లీ ఇదేమిటి అనిపించింది. ఆ డబ్బు గది సర్దేవాళ్లకు, వడ్డించేవాళ్లకు, మనకు కనిపించకుండా అడుగు అంతస్తుల్లో దుప్పట్లు ఉతికేవాళ్లకు, గిన్నెలు తోమేవాళ్లకు పంచుతారు. కాఫీ, కూల్‌డ్రింకు, మందు లాంటివి విడిగా కొంటే మా ఓడలో బిల్లులోనే 18 శాతం టిప్ కలిపేసేవాళ్లు. దాని కింద ఉండే ఖాళీ గీత చూసి మళ్లీ రాయక్కర్లేదు. రేవుల్లో తిప్పే బస్సు డ్రైవర్లకు, గైడ్లకు మాత్రం వేరే ఇవ్వాలి, వాళ్లు ఓడవాళ్లు కాదు. మేము మనిషికి ఐదు డాలర్ల చొప్పున ఇచ్చాం.

నాలుగో రోజు గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర వరసలో మనవాళ్లు కొందరు కనిపించారు. ఈ రోజువారీ టిప్‌ను ఖాతాలోంచి తీసేయించుకోవచ్చు, అడిగితే తీసేస్తారు. వాళ్లలో ఒకాయన, హైదరాబాద్ వారు, మర్యాదస్తుడే, నాతో అన్నారు: "మనం ఇవ్వకూడదని కాదండీ, కంపెనీ తన పనివాళ్లకు జీతం తనే ఇచ్చుకోవాలి. మన జేబులోంచి ఎందుకు?"

ఆ మాటలో న్యాయం ఉంది. టిప్‌ను టికెట్ ధరలోనే కలిపి జీతంగా ఇస్తే అందరికీ గౌరవంగా ఉంటుందని నేనూ నమ్ముతాను. కానీ ఆయన తీసేయించిన డబ్బు వల్ల కంపెనీకి ఒక్క పైసా నష్టం లేదు. తగ్గేది ఆ భీమిలి అబ్బాయి ఇంటికి పంపే డబ్బు. దసరాకు పోస్ట్‌మాన్‌కు, చాకలికి మామూలు ఇచ్చేటప్పుడు వాళ్ల జీతం ఎవరివ్వాలని మనం తర్కం చేయం కదా. ఆయనతో ఇదే చెప్పాను. "అన్నయ్యగారూ, నచ్చకపోతే కంపెనీకి ఉత్తరం రాయండి, వీళ్ల చేతిలోది మాత్రం తీయకండి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. వరసలోంచి తప్పుకోలేదు కూడా.

జూనో అలాస్కా రాజధాని, అయినా బయటినుంచి రోడ్డు లేదు, విమానమో ఓడో ఎక్కాల్సిందే. అక్కడ రోజుకు ఐదు పెద్ద ఓడలే రావాలని 2024 నుంచి హద్దు పెట్టుకున్నారు. స్కాగ్వేకు వెళ్లాక ఆ హద్దు ఎందుకో అర్థమైంది. సుమారు వెయ్యి మంది ఉండే ఊరు, మేము దిగిన రోజు రేవులో నాలుగు ఓడలు. వీధి పొడవునా మాలాంటి ఓడ జనమే. బంగారం వేటలో జనం ఎగబడిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన వైట్ పాస్ రైలు ఎక్కి కొండపైకి వెళ్లాం. కెచికాన్‌లో వాన వదల్లేదు, అక్కడి ఆదివాసులు బొమ్మలు చెక్కిన టోటెం అనే కొయ్య స్తంభాలు గొడుగుల కిందనుంచే చూశాం.

గ్లేసియర్ బే మాత్రం వేరు. రోజుకు రెండు క్రూజ్ ఓడలనే రానిస్తారు. పొద్దున్నే చిన్న పడవలో పార్కు రేంజర్లు వచ్చి మా ఓడ ఎక్కి, మైకులో చెప్పుకుంటూ వచ్చారు. 1794లో బ్రిటిష్ నావికుడు వాంకూవర్ బృందం వచ్చేసరికి ఈ అఖాతం దాదాపు అంతా మంచు కిందే ఉందట. ఇప్పుడు ఓడ లోపలికి వంద కిలోమీటర్ల దాకా వెళ్తుంది. మార్జరీ హిమనదం ముందు ఓడ ఆగింది. నీలం కలిసిన తెలుపు, నీళ్లమీద 250 అడుగుల గోడ. ముందు వరస కుర్చీల మీద తెల్లవారుజామునే తువ్వాళ్లు పరిచి వెళ్లిపోయారు కొందరు, రెండు గంటలైనా తిరిగి రాలేదు. కర్రతో నడిచే ఒక ముసలామె వెనక నిలబడి మెడ సాగదీస్తోంది. కమ్మీ దగ్గర నిలబడ్డ మా అమ్మాయి, "అమ్మా, మనం వెనక్కి జరుగుదాం" అంది. జరిగి ఆవిడకు చోటిచ్చాం.

అప్పుడే ఎవరో వీడియోకాల్ స్పీకర్‌లో పెట్టి ఇంటికి చూపిస్తూ గట్టిగా మాట్లాడుతున్నారు. తెలుగే. నేను దగ్గరికి వెళ్లి, ఒక్క అయిదు నిమిషాలు ఆపమ్మా, చప్పుడు వినాలి అన్నాను. ఆ అమ్మాయి వెంటనే కట్ చేసింది. డెక్ అంతా నిశ్శబ్దమైపోయింది. మంచుగోడలోంచి ఇల్లంత ముక్క జారి నీళ్లలో పడింది, ఆ వెనకే ఫెళ్లుమని ఒక చప్పుడు. చూసింది ముందు, విన్నది తర్వాత. ఇక్కడి ట్లింగిట్ జనం దీన్ని తెల్లని ఉరుము అంటారని రేంజర్ చెప్పింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

చివరి రాత్రి పెద్ద సంచులకు చీటీలు కట్టి తలుపు బయట పెట్టాలి, తెల్లారేసరికి రేవులో ఉంటాయి. మందులు, పాస్‌పోర్టులు, మరునాటి బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఆ సర్దుడు అయ్యాక నేను మూడు కవర్లు తీశాను. గది చూసిన అబ్బాయికి, భీమిలి అబ్బాయికి, అతని పక్కన నీళ్లు పోసిన ఫిలిప్పీన్స్ అమ్మాయికి. ఖాతాలో పోయింది అందరికీ పంచేది, ఇది మా చేతితో ఇచ్చేది. ప్రతి కవరులో మనవరాలు గీసిన బొమ్మ ఒకటి పెట్టాం. కామెంట్ కార్డులో ముగ్గురి పేర్లూ రాశాను. పేరు పెట్టి మంచిగా రాస్తే వాళ్ల తర్వాతి కాంట్రాక్టుకు పనికొస్తుందని భీమిలి అబ్బాయే ఒకసారి మాటల్లో అన్నాడు. కవరు తీసుకుని అతను, "పాపకి చూపిస్తానమ్మా ఈ బొమ్మ" అన్నాడు. రెండు నెలల తర్వాత.

పొద్దున ఏడున్నరకు దిగడానికి వస్తుంటే నడవా అంతా తీసేసిన దుప్పట్ల కుప్పలు. ఆ మధ్యాహ్నమే కొత్త ప్రయాణికులు ఎక్కాలి. మా ఇండోనేషియా అబ్బాయి అప్పటికే మూడో గదిలో ఉన్నాడు, దిండు గలీబు నోటితో పట్టుకుని తొడుగుతున్నాడు. మనవరాలు గుమ్మంలో ఆగింది. అతను దిండు పక్కన పెట్టి, దాని పేరు పూర్తిగా, స్పష్టంగా పిలిచి చెయ్యి ఊపాడు.