రెండు చక్రాల ఇల్లు, అనంతగిరి ఘాట్

మే రెండో వారం. తెల్లవారుజామున ఐదింటికే చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ప్రాణం తీస్తుంది. ఆ రోజు మా పాత డీజిల్ జీపు వెనక మొదటిసారి ట్రైలరు తగిలించుకుని అరకు బయల్దేరాం. నేను, అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు.

ట్రైలరంటే రెండు చక్రాల మీద ఒక చిన్న గది. ఆటోనగర్‌లో ఓ షెడ్డులో నాలుగు నెలలు దగ్గరుండి చేయించుకున్నాం. రెండు పడకలు, గ్యాస్ పొయ్యి, చేతులు కడుక్కునే సింకు, అంతే. సామాన్లన్నీ వేసి కాటా పెట్టిస్తే 650 కిలోలు తూగింది. దాన్ని కొండెక్కించబోతున్నామని చెబితే, జీపు చూసే ముసలి మెకానిక్ ఒక్క మాటే అన్నాడు: "ఎక్కీటప్పుడు ఏ గేరో, దిగీటప్పుడూ అదే గేరు బావూ. బ్రేకుని నమ్మీకండి."

పెందుర్తి దాటి, రోడ్డు ఖాళీగా ఉంది కదా అని వేగం 60కి పెంచానో లేదో, వెనక ట్రైలరు తోక ఊపడం మొదలెట్టింది. ముందు కొంచెం, తర్వాత జీపునే అటూ ఇటూ లాగేంత. స్టీరింగ్‌తో సరిచేద్దామని చూస్తే ఇంకా పెరిగింది. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ కదలకుండా పట్టుకుంటే, మెల్లగా సర్దుకుంది. అక్క ఊపిరి బిగబట్టి పిల్లలిద్దర్నీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

తప్పు సామాన్లు సర్దడంలో ఉంది. నీళ్ల క్యాన్లు, బియ్యం, మడత కుర్చీలు అన్నీ వెనక తలుపు దగ్గరే పేర్చేశాం. ట్రైలరు మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా, పదిహేను శాతం దాకా, జీపుకు తగిలించే కొక్కెం మీద పడాలి. అది తగ్గితే వెనక భాగం ఊగులాడుతుంది. కొత్తవలస దగ్గర చెట్టు కింద ఆపి అన్నీ దింపాం. బరువైనవి ఇరుసుకు కాస్త ముందుకు, అడుగున సర్దాం. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తెచ్చాం కాబట్టి, దాని మీద చెక్క దిమ్మె పెట్టి ట్రైలరు ముక్కును ఆనించి చూశాం. 78 కిలోలు. ఆ తర్వాత మళ్లీ తోక ఊపలేదు.

కానీ ఆ పనికి గంటన్నర పోయింది. ఎస్.కోటలో ఇడ్లీ తిని కొండ కిందికి చేరేసరికి పదిన్నర. సముద్రపు గాలి ఆ వైపు రాదు, వేడి నేరుగా మొహానికి కొడుతుంది. ఏసీ తీసేయాల్సింది. పిల్లల మొహాలు చూసి తీయలేకపోయాను.

టైడా దాటాక రెండో గేరులో ఎక్కుతున్నాం. ఎప్పుడూ మధ్యలో ఉండే, ఇంజిన్ వేడి చూపించే సూది మెల్లగా ఎర్ర గీత వైపు లేస్తోంది. "బావా, ఏసీ కట్టెయ్. హీటరు ఫుల్లుగా పెట్టు" అన్నాను. బావ నా వంక ఒకసారి చూసి, మాట్లాడకుండా పెట్టాడు. ఏసీ నడుస్తుంటే అది వదిలే వేడి అంతా రేడియేటరు ముందే పడుతుంది. హీటరుకేమో డాష్‌బోర్డు వెనక సొంతంగా ఒక చిన్న రేడియేటరు ఉంటుంది, ఇంజిన్ నీళ్లు దాని గుండా పోతూ కొంత వేడిని లోపలికి వదిలేస్తాయి. ఆ ఎండలో ఆ గాలి కాళ్ల మీదికి వస్తుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది. సూది మాత్రం ఆగింది.

వెడల్పాటి మలుపు కనపడగానే పక్కకు తీసి, చక్రాల వెనక రాళ్లు పెట్టాం. ఇంజిన్ వెంటనే ఆపేయలేదు. బానెట్ ఎత్తి న్యూట్రల్‌లో తిరగనిచ్చాం, ఫ్యాన్ ఊదుతూనే ఉండాలి. రేడియేటరు పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పచ్చటి కూలెంట్ కుతకుతలాడుతోంది. బావ గుడ్డ తీసుకుని మూత తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల ఒత్తిడి ఉన్నంతసేపే అది మరిగిపోకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, మొత్తం మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. నలభై నిమిషాలు కూర్చున్నాం. దారిలో కొన్న తాటిముంజలు అక్కడే అయిపోయాయి.

తర్వాత అంతా ఓపికే. హెయిర్‌పిన్ మలుపుల్లో ట్రైలరు లోపలి అంచు కోసుకుంటూ వస్తుంది, అందుకని మలుపుకు ముందే వెడల్పుగా తీయాలి. కింద నుంచి బస్సు హారన్ వినిపిస్తే అది వెళ్లేదాకా ఆగిపోయేవాళ్లం. అనంతగిరి దాటి గాలికొండ చేరేసరికి గాలి మారిపోయింది.

సుంకరిమెట్ట దాటాక తెలిసినవాళ్ల కాఫీ తోట పక్కన రెండు రాత్రులున్నాం. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. మే నెలలో దుప్పటి కప్పుకుని పడుకున్నామంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు.

నాకు నిజంగా భయం ఉన్నది దిగడం గురించే. ఎక్కేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగిపోతుంది, దిగేటప్పుడు చేస్తే ఆగదు. ఈసారి ఐదున్నరకే బయల్దేరి రెండో గేరులో వేశాను. ఇంజినే బండిని పట్టుకుంటుంది. అయితే మా ట్రైలరు బ్రేకు ఇంకో రకం. జీపు నెమ్మదిస్తే ట్రైలరు ముందుకు తోసుకొస్తుంది కదా, ఆ తోపుకే దాని బ్రేకు పడుతుంది. అంటే దిగినంతసేపూ, నేను పెడల్ ముట్టకపోయినా, అది ఒరుసుకుంటూనే ఉంటుంది. డముకు వ్యూపాయింట్ దగ్గర దిగితే మాడిన వాసన వచ్చింది. వేళ్లతో రెండు నీటి చుక్కలు ట్రైలరు బ్రేకు డ్రమ్ము మీద చిలకరిస్తే చుయ్యిమన్నాయి. బావ బాటిల్ మొత్తం పోస్తానన్నాడు. వద్దన్నాను, అంత వేడి ఇనుము ఒక్కసారిగా చల్లబడితే పగులుతుంది. గాలికే వదిలేశాం.

అక్కడ నిలబడి ఉండగా లోయ అవతల కొత్తవలస-కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సు దిగుతోంది. ఎన్నో వేల టన్నులు, మనిషి నడకంత వేగం. ఆ ఇంజిన్లు కూడా చక్రాలకు బ్రేకు ఒత్తడం ఒక్కదాని మీదే ఆధారపడవు, మోటార్లనే జనరేటర్లుగా మార్చి, అవి వెనక్కి పట్టి ఉంచే బలంతో బరువును ఆపుకుంటాయి. పెద్దోడు వ్యాగన్లు లెక్కపెడుతూ యాభై దాటాక లెక్క తప్పాడు. చివరి వ్యాగను సొరంగంలోకి పోయేదాకా ఎవరం కదల్లేదు.

తర్వాత ఇంకో రెండు చోట్ల ఆగాం. కొండ దిగి ఎస్.కోట చేరాక బావ కిందికి దిగి, నాలుగు చక్రాల దగ్గరా, ట్రైలరు చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పట్టి చూసొచ్చాడు. "గోరువెచ్చగా ఉన్నాయిరా" అన్నాడు. అప్పుడు ఏసీ వేశాను. పిల్లలు ఇద్దరూ ముందుకు వంగి మొహాలు ఆ గాలికి పెట్టేశారు.